నీ జ్వరం వేసిన కేక

తమ్ముడూ దావీదూ,

నీ కొడుకు శామ్యూలుకు జ్వరం దిగింది. స్తోత్రం! నీ ప్రాణం తీసిన టైఫాయిడే వాడికీ వచ్చేసరికి, ఇక్కడ దుబాయ్‌లో, జెబెల్ అలీ క్యాంపులో ప్రార్థనలో మోకాళ్లమీదే ఉన్నాను.

ఆసుపత్రిలో మన నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది: "ఆ క్రిమి కణం లోపలికే దూరుతుంది అయ్యగారూ. లోపల కూడా కాపలా ఉంటుంది. క్రిమి తోకలోని ప్రొటీన్ తగలగానే పసిగట్టి కేకేస్తుంది. ఈ సంగతి ఈమధ్యనే తేలింది."

"ప్రధాన యాజకుడి ముంగిట్లోకి దూరిన పేతురును పనిపిల్ల గుర్తుపట్టినట్టా అమ్మా?"

"పాపం, పేతురు గారిని క్రిమిని చేసేశారే!" అని నవ్వింది.

అప్పుడు నీ సంగతంతా చెప్పాను. పాపం చేశావు కనకే దేవుడు నిన్ను వదిలేశాడని క్యాంపులో అన్నవాళ్లున్నారు కదా. "మా తమ్ముడి కాపలా నిద్రపోయిందా?" అనడిగాను.

"లేదండీ. ఆ జ్వరం కూడా కాపలా వేసిన కేకే. మందు అందేసరికే ఆలస్యమైంది."

ఎంత తేలికపడ్డానో! నీ ఒళ్లు కాలిపోతున్నంతసేపూ నీ లోపల నీకోసం పోరాడేవాళ్లున్నారు, దావీదూ. దేవుడు పెట్టిన కాపలా అది.

ఈ శుక్రవారం ప్రార్థన కూడికలో గొంతు చించుకుని ఇదే చెబుతుంటే, ముందు వరుసలోంచి శామ్యూలు, "పెదనాన్నా, ఖలాస్! ఆకలేస్తోంది" అని అరిచాడు.

నా ప్రసంగాన్ని నేనే మధ్యలో ఆపడం అదే మొదటిసారి.