మాత్ర మింగని పరుగు

మంగళవారం రాత్రి, జనగామ

ఈరోజు గ్రౌండ్‌లో అందరికంటే వెనకబడ్డాను. అయినా సిగ్గనిపించలేదు.

బరువు తగ్గితే కానిస్టేబుల్ సెలక్షన్ పరుగు సులువవుతుందని కోచ్ ఇచ్చిన మాత్రలు వారం రోజులు మింగాను. నిన్న పరుగు మధ్యలో గుండె గొంతులోకి వచ్చినట్టు కొట్టుకుంది, కళ్లు బైర్లు కమ్మాయి. నాతోపాటు పరుగెత్తే షాహీనే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ డబ్బా మీద రాసింది చదివి కోప్పడింది.

"గిండ్ల కాఫీల ఉండే మందే మస్తుగున్నది. ఇంకేం కలిపిన్రో సక్కగ రాయనే లేదు. ఉరికేటప్పుడు అసలే గుండె జోరుగ కొట్టుకుంటది. గిది మింగితే ఇంకింత పరేషాన్ అయితది. బంద్ చెయ్యి బిడ్డా."

అందుకే పొద్దున డబ్బాను కోచ్ చేతిలో పెట్టేశాను.

"అందరు మింగుతున్నరు, నీకొక్కదానికే భయమా? గిట్లయితే సెలక్షన్ మర్చిపో," అన్నాడు అందరి ముందే.

"మర్చిపోను సార్. ఉరుకుత. గిది మింగి మాత్రం ఉరకను."

అనేసి వెళ్లి పరుగు మొదలుపెట్టాను.

షాహీన్ తల దించుకుంది. తను ఇంకా మింగుతూనే ఉంది. ఇంటికి వస్తూ ఎందుకే అని అడిగితే, "జర సోంచాయించనియ్యే," అంది. ఇంకా ఏం ఆలోచించుకోవాలో! కోచ్ మాటలు ఎప్పుడో మర్చిపోయాను. ఈ మాటే నిద్ర పట్టనివ్వడం లేదు...

రేపు షాహీన్ పక్కనే పరుగెత్తుతాను. అది ఆయాసపడి ఆగితే నేనూ ఆగుతాను. కోచ్ ఎంత అరిచినా సరే, దాన్ని వదిలి ఒక్క అడుగు ముందుకు వేయను.