నాయనకు ఫ్రీ కాఫీ

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

సుగుణక్కకు, బావకు మీ రూతు ప్రభువు పేరిట చేసే వందనాలు. నా ఒంట్లో బాగానే ఉంది. మీరూ, మేరీ, నాయన కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. కోసిగిలో వాన పడిందా? ఇక్కడ రోజూ పడుతోంది, ఎవరికీ అక్కర్లేకపోయినా. హాస్టల్ అన్నం నోటికి పోవడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చెనిక్కాయల పొడి పంపు.

ఫోన్ చేయక ఉత్తరమెందుకంటావేమో. నువ్వు స్పీకర్లో పెట్టి మాట్లాడతావు, నాయన పక్కనే మంచం మీద ఉంటాడు. ఇది ఆయన వినకూడదు.

"నా కూతురు మేరీది ఇంటర్ అయిపోయింది, నీ కాఫీ షాపులోనే పనికి పెట్టించమ్మే, నాయన ఆ షాపు గురించి శానా గొప్పగా చెప్తాండాడు" అని మొన్న ఫోన్లో అన్నావు. అక్కడ కాఫీ తాగానని మందిరంలో కూడా అందరికీ చెప్పాడటగా. తాగలేదక్కా.

ఫోన్ వాలెట్‌తో డబ్బు కడితే మా షాపు స్టార్లని పాయింట్లు ఇస్తుంది. ఆ వాలెట్‌తో రీఛార్జి చేసినా ఇస్తుంది. స్టార్లు నిండితే ఒక కాఫీ ఉచితం. వచ్చినవాళ్ళందరికీ ఈ పాట పాడటం కూడా నా పనే. పాడీ పాడీ నాకే ఆశ పుట్టింది. హాస్టల్ అమ్మాయిల రీఛార్జీలన్నీ నా ఫోన్ నుంచే చేసి, వాళ్ళ దగ్గర నోట్లు తీసుకునేదాన్ని. నాయన నన్ను చూడటానికి వచ్చేసరికి స్టార్లు నిండాయి.

ఆ ఆదివారం నాకు సెలవు. ఆరాధన కాగానే ఆయన్ను షాపుకు తీసుకెళ్ళాను. మందిరం బయట విడిచినట్టే గాజు తలుపు బయట చెప్పులు విడిచాడు. వేసుకునే రమ్మన్నాను.

"నేలను చూడమ్మా, అద్దం మాదిరి ఉండాది. యా పిల్ల తుడిచిందో, తొక్కేకి మనసు రాలేదు" అన్నాడు.

ముందురోజు రాత్రి తుడిచింది నేనే. చెప్పలేదు.

కౌంటర్ దగ్గర ఫోన్ చూపించాను. మా మేనేజర్ ఇంగ్లిషులో, నవ్వుతూనే, ఆఫర్ కస్టమర్లకే గానీ స్టాఫ్‌కు కాదన్నాడు. నా స్టార్లన్నీ అక్కడికక్కడే తీసేయించాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదీ సంగతి. కార్లలో వచ్చేవాళ్ళకు ఉచితం, కప్పులు కడిగేదానికి మోసం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమంటాండాడు?" అని నాయన అడిగాడు.

"కాఫీ అయిపోయిందంట నాయనా."

పక్క బల్ల మీద అప్పుడే రెండు కప్పులు పొగలు కక్కుతూ దిగాయి. నాయన వాటిని చూసి చూపు తిప్పుకున్నాడు. కొనిద్దామని పర్సు తీస్తే నా చేయి పట్టుకున్నాడు. "వద్దులేమ్మా. ఈడ చల్లగా ఉండాది, రొంతసేపు కూర్చుంటాంలే." కొననివాళ్ళు కూర్చోకూడదని మేనేజర్ అన్నాడు. అది మాత్రం కన్నడంలో అన్నాడు, సరిహద్దు ఊరివాడు కనుక నాయనకు అర్థమయ్యేలా.

బయటికొస్తే చెప్పులు లేవు. ఎవరో పారేసినవనుకుని వాచ్‌మన్ చెత్తబండిలో వేశాడట. కొత్తవి కొందామంటే నాయన వినలేదు. "మన చేలల్లో ముండ్ల మీద నడిచినోన్నమ్మా" అంటూ బస్సు దాకా ఉత్త కాళ్ళతో నడిచాడు. నేను వెనకాల ఏడుస్తూ నడిచాను.

మర్నాడు అదే ఏప్రన్ కట్టుకుని, అదే మేనేజర్ పక్కన నిలబడి, "స్టార్లు నిండితే ఒక కాఫీ ఫ్రీ సార్" అన్నాను. మానేస్తే హాస్టల్ అద్దె ఎవరు కడతారు?

నాయనను ఏమీ అడగొద్దు. తాగానంటే తాగాడనే ఉండనీ. పాస్టరయ్యకు, పెద్దలందరికీ నా వందనాలు చెప్పు, ప్రార్థనలో నన్ను తలుచుకోమను.

మేరీని మాత్రం పంపొద్దక్కా. పంపితే ఏదో ఒక ఆదివారం అది బావను కాఫీకి పిలుస్తుంది.

నీ చెల్లెలు
రూతు