ఉమ్మితో తుడిచిన ముఖం

అమ్మకు,

నీ కూతురి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ అల్లుడూ కులాసా. అక్కడ నువ్వూ, నాన్నా, నీ మోకాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ అల్లుడికి దగ్గు తగ్గింది, గురకే తగ్గలేదు. ఇక నీ ఉత్తరంలోని అసలు ప్రశ్న: "చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకున్న ఆ తల్లి బొమ్మ ముందు రోజంతా కూర్చుంటావేమే? అసలే ఒకసారి కడుపు పోయినదానివి, వేరే పని దొరకలేదా?" అన్నావు. నిజమే, మొదట్లో నాకూ భయమేసింది. ఆమె ముఖం జోలికి పోకుండా, వెనకాల మబ్బులూ కొండలూ శుభ్రం చేస్తూ కాలక్షేపం చేశాను. చర్చిలో ఏళ్ళ తరబడి కొవ్వొత్తుల పొగ పట్టి ఆ ముఖం అట్లపెనంలా నల్లబడింది.

ఘాటు మందులు వాడితే మసి త్వరగా వదులుతుంది. నేను మాత్రం ఉమ్మితో తుడుస్తున్నాను. ఛీ అనకు, పాత బొమ్మలు బాగుచేసే మా పనిలో అది పాత పద్ధతే. పుల్లకి దూది చుట్టి, నాలుక మీద తడిపి, బొమ్మ మీద మెల్లగా తిప్పడమే. ఫాదర్‌గారు చూసి నోరెళ్ళబెట్టారు.

"ఇదేంటమ్మా, ప్రభువు తల్లి ముఖం మీద ఉమ్మా?"

"ఇంతకన్నా మెత్తని మందు లేదండీ."

ఆయన నవ్వేశారు. "సరేలే, ప్రభువు గుడ్డివాడికి చూపిచ్చింది కూడా ఉమ్మితోనేగా. తలుపేసుకుని కానివ్వు."

నిన్న ముఖం బయటపడింది. ఏడుస్తోందమ్మా. కానీ ఆ చెయ్యి చూడాలి! అంత పెద్ద కొడుకు మెడ కింద చెయ్యేసి, పురిటిబిడ్డ తల నిలవదని పట్టుకున్నట్టు పట్టుకుంది. అంత దుఃఖంలోనూ ఆ చెయ్యి తన పని మరిచిపోలేదు. నేనూ ఆమెతో పాటు కరువుతీరా ఏడ్చాను. లేచేసరికి భయం లేదు. చాలా ఏళ్ళకి దేవుడితో మాట్లాడినట్టు అనిపించింది.

ఆ ఘాటు మందులు ఎందుకు మానేశానో చెప్పలేదు కదూ. డాక్టరమ్మ ఆ వాసన పీల్చొద్దంది. నాకు ఐదో నెల. పోయినసారిలా ముందే చెప్పి నిన్ను ఏడిపించడం ఇష్టంలేక దాచాను. నిన్న ఆమె బుగ్గ తుడుస్తుంటే కడుపులో చిన్నగా కదిలింది. పుల్ల పట్టుకుని ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వాను.

చిన్నప్పుడు నన్ను బడికి పంపేముందు నువ్వు వేలు నాలుకకి తడుపుకుని నా బుగ్గ మీద మరక తుడిచేదానివి. నేను ఛీ ఛీ అని పారిపోయేదాన్ని. ఆ వేలు సిద్ధంగా ఉంచుకో. తుడవాల్సిన ముఖం ఇంకొకటి వస్తోంది.

ఇట్లు,
ఇక మీదట ఛీ అనని
నీ కూతురు