రాళ్ళ తీరం మీద ఏడవ స్థానం

ఖరగ్‌పూర్,
18 ఫిబ్రవరి 1966.

తీరాంధ్ర కార్మిక దీర్ఘపరుగుల సంఘం గౌరవ కార్యదర్శి గారి సముఖమునకు,
ట్రాఫిక్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నివాసి, బాలికల పాఠశాల ఉపాధ్యాయిని సింగుపురం హైమవతి వ్రాసుకొను అర్జీ.

విషయం: భీమిలి తీర పరుగులో నేను పరుగెత్తలేదని తమ సంఘం తీర్మానించుట, పరుగెత్తినందుకు నాపై చర్య తీసుకొనుట – గురించి.

అయ్యా,

తమరు దయతో పంపిన తాఖీదు చేరినది. అందులో నాపై మోపిన నేరాలు మూడు. స్త్రీల నిమ్మకాయ–చెంచా పోటీని విడిచిపోవుట, అనుమతి లేకుండా పురుషుల పరుగులో చొరబడుట, సంఘానికి చెందిన ఒక చెంచాను, ఒక నిమ్మకాయను వెంట తీసుకొనిపోవుట. సంఘం ఆస్తిని ఇంత కంటికి రెప్పలా కాపాడే కార్యదర్శి దొరకడం మా కాలనీ చేసుకున్న పుణ్యం. జరిగినది జరిగినట్లు మనవి చేసుకుంటున్నాను.

1. నా భర్త వెంకటరావు గారు ఇంజను మీద ఫైర్‌మన్. నాలుగేళ్ళ క్రిందట పచ్చకామెర్లతో పోయారు. అప్పటినుండి నేనూ, మా అత్తగారు చిలకమ్మ గారూ ఒకరికొకరం. ఆ మొదటి ఏడాది బడికి పోయే దారిలో ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు నన్ను ఆపి, చెయ్యి పట్టుకొని, "ఎలగ బతుకుతావమ్మా?" అని అడిగేవారు. నాకు జవాబు తెలియదు. జవాబు రాని ప్రశ్నకు రోజూ లేచి నిలబడడం ఎంత కష్టమో, అంతవరకు నేను పిల్లల్ని అడగడమే తప్ప ఎరగను.

అందుచేత తెల్లవారగానే ఊరి బయట సాలువా దారి పట్టి నడవసాగాను. అక్కడా పాలవాళ్ళు సైకిళ్ళు దిగి జాలిపడ్డారు. నడిచే మనిషి పరామర్శకు అందుతుంది, పరుగెత్తే మనిషి అందదు అని ఒకనాడు కనిపెట్టి, చీర ఎగగట్టి పరుగెత్తాను. తమరు తాఖీదులో అడిగిన "ఈ దురభ్యాసం ఎట్లు ప్రారంభమైనది" అన్న ప్రశ్నకు ఇదే నా సమాధానం.

మొదట మా అత్తగారే గుమ్మంలో అడ్డం నిలబడి, "ఏటే, ఎవులు తరుముతున్నారే నిన్ను?" అన్నారు. "ఎవులూ తరమట్లేదత్తా" అన్నాను. "మరి పరుగెందుకే?" అన్నారు. కొన్నాళ్ళు పోయాక ఆమె ఏమీ అడగకుండా నా మడమలకు ఆముదం రాయడం మొదలుపెట్టారు. గోల్‌బజారులో కాన్వాసు బూట్లు కొనబోతే దుకాణం బెంగాలీ దాదా, "దీదీ, కిస్‌కే లియే?" అని, ఎవరికోసమో అడిగాడు. నాకేనన్నాను. పాపం, ఆ రోజంతా బేరం సరిగా చేసి ఉండడు.

2. అప్పటినుండి మామూలు రోజుల్లో సాలువా దారి, ఆదివారాలు కంసావతి నది గట్టు నా పరుగుదారులు. ఇట్లుండగా భీమిలి తీరాన మంగమారిపేట నుండి రాళ్ళ వెంట భీమిలి వరకు, అక్కడినుండి గోస్తనీ లోయ వెంట తగరపువలస వరకు దీర్ఘపరుగు జరుగుతుందని తమ సంఘం ప్రకటించింది. నేను పుట్టి పెరిగినది భీమిలిలో. ఆ రాళ్ళ మీద నత్తలు ఏరిన దానిని. పేరు ఇవ్వడానికి కాలనీలోని తమ ఆఫీసుకు వచ్చాను. తమరు నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఎంతో ఆదరంగా, "అమ్మా, రాళ్ళ తీరమూ, నదీలోయా స్త్రీల శరీరానికి పడవు" అన్నారు.

"నేను పుట్టినదే అక్కడండీ" అన్నాను.

"పుట్టడం వేరు, పరుగెత్తడం వేరు" అన్నారు.

ఈ మాటలో తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకేమీ దొరకలేదు. ఆ రాళ్ళ మీదుగానే పల్లె ఆడవాళ్ళు తలమీద చేపల గంపలతో రోజూ భీమిలి సంతకు పరుగున పోతుంటారు. వారికి తమ సంఘంలో సభ్యత్వం లేదు కనుక ఆ రాళ్ళు వారిని ఏమీ చేయడం లేదని భావిస్తున్నాను.

స్త్రీలను మరచారన్న నింద రాకూడదని తమరు వెంటనే నిమ్మకాయ–చెంచా పోటీ ఏర్పాటు చేశారు. నన్ను ఖరగ్‌పూర్ స్త్రీల ప్రతినిధిగా రైలు ఎక్కించారు. నోట చెంచా, చెంచాలో నిమ్మకాయ. స్త్రీలు పరుగెత్తినా మాట్లాడకుండా ఉండే పోటీ ఇదొక్కటే కనుక తమ ఎంపికను అభినందిస్తున్నాను.

3. ఆ ఉదయం మంగమారిపేట ఒడ్డున పురుషులు ఒక గీత మీద, మేము పక్క గీత మీద నిలబడ్డాము. ముందు పురుషుల కోసం ఈల వేశారు. ఈల పురుషుల చెవులకు ఒకలాగా, స్త్రీల చెవులకు ఇంకొకలాగా వినబడే ఏర్పాటు సంఘం చేయలేదు. చెంచా నోటిలోనుండి తీసి చేతపట్టుకున్నాను, నిమ్మకాయను కొంగున కట్టుకున్నాను, పరుగెత్తాను. వెనకనుండి ఎవరో, "ఓ అమ్మా, అటు కాదు, ఇటు!" అని కేకలు వేశారు. నాకు ఏ వైపో బాగా తెలుసు.

ఇసుక ఉన్నంతసేపూ అందరికన్నా వెనకబడ్డాను. రాళ్ళు వచ్చేసరికి ఒక్కొక్కరే దగ్గరై, వెనకబడ్డారు. అక్కడ, అల వచ్చి పోయే చోట, మన కాలనీ విల్‌ఫ్రెడ్ జారిపడి కనిపించాడు. లోకోషాపు ఫిట్టరు, మొదటి బహుమతి అతనిదేనని అందరూ అనుకున్న మనిషి. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. మరో అల వస్తే కొట్టుకుపోయే చోట కూర్చొని, లేవలేక, నవ్వబోతున్నాడు. సహాయకుడిగా తమరు నిలబెట్టిన మనిషి జెండాతో సహా టీ నీళ్ళకు వెళ్ళి ఉన్నాడు. ఆయన దాహాన్ని నేను తప్పు పట్టడం లేదు.

విల్‌ఫ్రెడ్‌ను చంకల కింద పట్టి పైరాతి మీదకు లాగాను. కొంగు చింపి మోకాలికి కట్టాను. నిమ్మకాయను ఆ చెంచా అంచుతోనే కోసి, సగం అతని నోట్లో పిండి, సగం నేను పీల్చాను. సంఘం ఆస్తి ఖర్చయిన వివరం ఇదే. ఇంతలో గంపలతో వస్తున్న ఇద్దరు పల్లె ఆడవాళ్ళు అతన్ని చూసుకుంటామన్నారు.

"దీదీ, జావ్!" అని అరిచాడు విల్‌ఫ్రెడ్. "నా కోసం కూసుంటే నీకు ఏటొస్తాది? జల్దీ ఎల్లు!"

వెళ్ళాను.

భీమిలి దాటి గోస్తనీ లోయలో తిరిగాక సముద్రం చప్పుడు తగ్గిపోయింది. ముందు మనిషి కనబడడు, వెనక్కు నేను తిరిగి చూడలేదు. ఒక పక్క తాటిచెట్లు, ఒక పక్క ఇసుకలో సన్నగా పారే నీరు. ఏటిలో బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడి, "ఓలమ్మా! ఆడకూతురు మగోళ్ళని తరుముతోందర్రా! పట్టుకో తల్లీ, ఒగ్గకు!" అని కేకలు పెట్టారు. అయ్యా, అధికారికి వ్రాసే కాగితంలో వ్రాయదగిన సంగతి కాదు గాని, అక్కడ నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూ పరుగెత్తితే ఊపిరి అందదని, ఏడుపు మానుకొని పరుగెత్తాను. ఎలా బతుకుతావని ఆ మొదటి ఏడాదంతా నన్ను ఆపి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందని చెప్పను. ప్రశ్న మాత్రం చాలా వెనకబడింది.

4. తగరపువలస గీత దాటేసరికి నాకన్నా ముందు ఆరుగురు పురుషులు చేరి ఉన్నారు. జీపులో ముందే చేరుకున్న తమరు నా వైపు చూసి అడిగిన మొదటి మాట: "నిమ్మకాయ ఏదమ్మా?"

చెంచా తమ చేతిలో పెట్టాను. మంచినీళ్ళు మాత్రం ఎవరో దారిన పోయే ముసలాయన ఇచ్చాడు.

ఆ తరువాత వెలువడిన ఫలితాలలో ఆరవ స్థానం ఉంది, ఎనిమిదవ స్థానం ఉంది, ఏడవది "ఖాళీ" అని ఉంది. ఎనిమిదవవాడైన, తాల్‌బగీచాలో ఉండే గోవిందరావు గారు ఇది చూసి మా ఇంటికి వచ్చారు. నెమ్మదైన మనిషి, ఆ రోజు గుమ్మంలోనే నిలబడి గట్టిగా మాట్లాడారు.

"అమ్మా, రాళ్ళు దిగినకాడినుంచి మీ ఈపే సూసుకుంటా వొచ్చినాను. ముందు ఎవులూ నేరంటే నాను దెయ్యం ఎనకాల పరిగెట్టినానా ఏటి? అలగైతే నాకు ఏడోది ఇవ్వాలి. మీరుంటే ఎనిమిదోది ఇవ్వాలి. ఇదేటి లెక్క?"

ఆయనకు నేను సర్దిచెప్పవలసి వచ్చింది.

5. ఇంతవరకు నవ్వుకొని ఊరుకుందును. కాని తమరు మా ప్రధానోపాధ్యాయినికి ఉత్తరం వ్రాశారు. వీధులలో పరుగెత్తే స్త్రీ బాలికలకు చదువు చెప్పుటకు తగదని, ఇకముందు పరుగెత్తనని నా చేత హామీపత్రం వ్రాయించుకోవాలని, లేనియెడల ఉద్యోగం విషయం ఆలోచించాలని అందులో ఉంది. ఆమె మంచిది. నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, "నాలుగు ముక్కలు రాసి పడెయ్యి హైమా, ఎవరు చూస్తారు? చీకటితో పరుగెత్తుకో" అన్నారు. తెల్ల కాగితం ఇంటికి తెచ్చుకున్నాను. ఇల్లు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది, అందుచేత వ్రాసేద్దామనే కూర్చున్నాను. ఆ సంగతి దాచను.

మా అత్తగారు పక్కన చేరి, ఏమిటది అని అడిగారు. చెప్పాను.

"మా వోడు పోయిన కొత్తల నువ్వు మంచం దిగలేదు," అన్నారు. "ముద్ద కలిపి నోట్లో ఎడితే తిన్నావు, నేకపోతే నేదు. కొడుకూ పోయినాడు, కోడలూ పోతాదనుకున్నాను. నీకు మళ్ళా కాళ్ళు ఎలగొచ్చినాయో నాను సూసినాను. మరింక పరిగెట్టనని రాసిస్తావేటి? రాసినావంటే ఆ కాగితం పొయ్యిలో ఎట్టేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. నాను గోల్‌బజార్ల కూరలమ్ముతాను. నువ్వు పరిగెట్టు."

వ్రాయలేదు. మరునాడు ప్రధానోపాధ్యాయిని గారికి తెల్ల కాగితం తెల్లగానే తిరిగి ఇచ్చాను. ఆమె నిట్టూర్చి, తమ సంఘం తన ఉత్తరాన్ని తానే ఉపసంహరించుకొంటే తప్ప తాను చేయగలిగినది లేదన్నారు. నెలాఖరు వరకు ఆగుతానన్నారు. ఈ అర్జీకి కారణం అది.

కావున ప్రార్థించునది ఏమనగా: బడికి వ్రాసిన ఉత్తరాన్ని వెనక్కు తీసుకొనవలెను. ఏడవ స్థానంలో పరుగెత్తిన మనిషి పేరు వ్రాయవలెను. వచ్చే యేటి తీర పరుగులో పేరు ఇవ్వదలచిన స్త్రీలకు టీతో పాటు అనుమతి కూడా ఇప్పించవలెను. ఇవి కుదరవని తమరు నిశ్చయించినచో ఆ మాట సంతకం పెట్టి వ్రాసి ఇప్పించవలెను. దానిని బడి గోడకు అంటించి, తమ ఆలోచనలు మా బాలికలకు పాఠంగా చెప్పుకుంటాము.

అవధరించి చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు
సింగుపురం హైమవతి

తా.క.: అర్జీ ముగించి మడత పెట్టిన తరువాత మరొక సంగతి చేర్చవలసి వచ్చింది. ఈ మధ్య సాలువా దారిలో నేను ఒక్కదానినే పరుగెత్తడం లేదు. కాలనీ ఆడవాళ్ళు ఒకరిద్దరుగా వచ్చి చేరుతున్నారు. వారిలో తమ శ్రీమతి లీలావతి గారు ఉన్నారు. మొదటి రోజు కాస్త ఆయాసపడ్డారు, ఇప్పుడు బాగా పరుగెత్తుతున్నారు. ఈ మాట తమతో చెప్పమంటారా వద్దా అని నేనే ఆమెను అడిగాను. "అర్జీలో రాసెయ్యండి. ఇంట్లో చెబితే ఆయన వినరు, ఆఫీసు కాగితమైతే అక్షరం పోకుండా చదువుతారు" అన్నారు. రేపటినుండి పొద్దుటి కాఫీ తమరే కలుపుకోవలసి ఉంటుందని కూడా వ్రాయమన్నారు. పాలు గూట్లో, మూత కింద ఉంటాయట.