అద్దానికి అవతలి కొస

ప్రియమైన బాబాయ్‌కి,

ఎడమ చేత్తో రాస్తున్నాను, వంకర్లు క్షమించు. మనిద్దరం మోస్తున్న అద్దం పగిలి ముంజేతిలో తెగిన నరాన్ని కుట్టి నెలన్నర. చేతికి బద్ద కట్టారు, నన్ను అక్కావాళ్ళ వెనకగదిలో పెట్టారు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. బావ ఇంట్లో ఉంటే దగ్గడానికి కూడా మొహమాటం. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు నావి కావు. సూదితో గుచ్చినా పలకవు.

ఆస్పత్రివాళ్ళ కరపత్రం ముప్పైసార్లు చదివాను. నరం రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. వేలి కొసకు ఇరవై సెంటీమీటర్లు. అంటే రెండు వందల రోజులు! గోడమీద గీతలు పెడుతున్నాను.

మన అద్దాల షెడ్డు యజమాని మీద ఫిర్యాదు కూడా రాస్తున్నాను. అద్దం మోసేటప్పుడు పగులు ముందు వేళ్ళకే తెలుస్తుంది; తెలిసినవాడు "వదులు!" అని అరవాలి, ఇద్దరూ వెనక్కి దూకాలి. ఇరవయ్యేళ్ళుగా మోస్తున్న నీ వేళ్ళకే తెలియలేదంటే అది నాసిరకం సరుకు కాక మరేమిటి? సాక్షి సంతకం నీదే.

నీ
కరపత్రం

*

ఒరేయ్ కరపత్రం,

షెడ్డులో నీకా పేరు పెట్టినవాడి నోట్లో పంచదార పొయ్యాలి. నరం నువ్వు చదివిన కాగితం చదవదురా. కుట్టాక కొన్నాళ్ళు ఊరికే ఉంటుంది, ఆ తర్వాత దాని నడక దానిది. గీతలు చెరిపేయ్. కుట్టు దగ్గర్నుంచి కిందికి వేలితో మెల్లగా తట్టుకుంటూ రా. ఎక్కడ జివ్వుమంటే అక్కడిదాకా వచ్చినట్టు. నెలనెలా ఆ చోటు కిందికి జరగాలి. ఈలోగా వేళ్ళు బిగుసుకుపోకుండా రెండో చేత్తో వంచుతూ ఉండు.

ఫిర్యాదు ఇప్పుడే వద్దు. సంతకం సంగతి తర్వాత చూద్దాం.

ఇట్లు
బాబాయ్

*

ప్రియమైన బాబాయ్‌కి,

రెండు వందల ముప్పై గీతలయ్యాయి. నువ్వన్నట్టే జివ్వుమనే చోటు అరచేతిలోకి దిగింది, వేళ్ళు మాత్రం ఇంకా మొద్దులే. మొన్న పొయ్యి మీది గిన్నె పట్టుకున్నాను. వాసన వచ్చేదాకా కాలుతున్నది నా చర్మమని తెలియలేదు. అక్క ఏడ్చింది. నేను అక్క మీదే అరిచాను. బావ చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది.

మేస్త్రీ కబురు పంపాడు. సోమవారానికి రాకపోతే నా చోట్లో ఇంకొకర్ని పెట్టుకుంటాడట. వస్తున్నాను. స్పర్శ లేకపోతేనేం, పట్టు ఉంది, కళ్ళున్నాయి. చూసుకుంటూ మోస్తాను. ఎవరికీ చెప్పకు. నీ జతగానే వేయమని అడిగాను. ఇంకొక్క వారం ఈ గదిలో ఉంటే పిచ్చెక్కుతుంది.

నీ
కరపత్రం

*

నాయనా,

రావద్దు.

చూసుకుంటూ మొయ్యడమంటే ఏమిటో నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్నది అదే. నా కుడి మణికట్టు తెగినప్పుడు పైన చర్మం కుట్టి పంపేశారు. లోపలి నరం సంగతి వాళ్ళు చూడలేదు, నేనూ అడగలేదు. చాలా ఏళ్ళకి ఒక నర్సమ్మ తట్టి చూసింది. జివ్వుమనే చోటు గాయం దగ్గరే ఆగిపోయి ఉంది. ఇక లాభం లేదంది. పని పోతుందని దాచాను.

ఆరోజు పగులు నా వైపు నుంచే వచ్చింది. నేను కాలికింద మెట్టు చూసుకుంటున్నాను. వేళ్ళు నాకు చెప్పలేదు, నేను నీకు అరిచి చెప్పలేదు. సరుకు మంచిదేరా.

పొద్దున మేస్త్రీకి అంతా చెప్పేశాను. నీ చోటు ఉంచుతాడో లేదో తెలియదు. నన్ను మాత్రం పంపేశాడు. నీ నరం ఇంకా నడుస్తోంది. దాన్ని నడవనీ.

ఇట్లు
నీ జతగాడు

*

బాబాయ్‌కి,

సోమవారం వెళ్ళలేదు. నీ ఉత్తరం చింపాను, ముక్కలు అతికించుకుని మళ్ళీ చదివాను. ఎనిమిది నెలలు నిన్ను వెనకేసుకొచ్చాను. నువ్వు నోరు మెదపకుండా విన్నావు! ఎదురుగా ఉంటే ఏం చేసేవాణ్ణో.

ముప్పైమంది చేత అద్దాలు మోయిస్తూ ఒక్కరి చెయ్యయినా ఏనాడూ పరీక్ష చేయించని ఆ షెడ్డునీ వదలను. ఫిర్యాదు మొదటినుంచి తిరగరాస్తున్నాను. ఈసారి నీ పేరు కూడా ఉంటుంది, ఏ వైపు ఉండాలో ఇంకా తేల్చుకోలేదు.

డాక్టరుని నీ చేతి గురించి అడిగాను. ఇన్నేళ్ళ తర్వాత నరం తిరిగి రాదన్నాడు. అయినా తీసుకురమ్మన్నాడు. కాల్చుకోకుండా, కోసుకోకుండా ఆ చేత్తో బతకడం నేర్పుతారట. గురువారం ఉదయం పదింటికి, రెండో అంతస్తు, నా తర్వాత నీ వంతు.

నేను నీతో మాట్లాడను. రా.

కరపత్రం