క్రమసంఖ్య 412

మార్చి 3, సోమవారం
నూలు మిల్లు ఆడవాళ్ల ఊపిరితిత్తుల పరీక్షల రిజిస్టరును పరిశోధకురాలు వైష్ణవికి పంపమని మా ఆరోగ్య కార్యాలయానికి ఆర్డర్ వచ్చింది. పేరు, చిరునామా, ఫోను నంబరు కొట్టివేయాలి. ఇనిషియల్ ఉంచవచ్చు. కొట్టివేసే అధికారం నాకు సంక్రమించింది. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇదే మొదటి అధికారం.

మార్చి 5
క్రమసంఖ్య 412. రా. కనకం. వయస్సు 49. సేత్తూరు. దగ్గు, ఆయాసం.
ఇంటి చిరునామా గడిని స్కేలుతో కప్పాను. ఒక పనికి తీసుకున్న వివరాన్ని మరో పనికి వాడరాదని ఆర్డర్ మూడో పేరా.

మార్చి 6
ఇనిషియల్ ఉంచవచ్చునని రాసినవారు ఈ ప్రాంతంవారు కారు. ఇక్కడ ఇనిషియల్ ఇంటిపేరుది కాదు; ఆడవాళ్లకు పెళ్లికి ముందు తండ్రి పేరుది, తరువాత భర్త పేరుది. కనకం తండ్రి రామలింగ. నలభై తొమ్మిదేళ్లకూ ‘రా’ అలాగే ఉంది.
ఇరవై నాలుగేళ్ల క్రితం ఒకే బస్సులో వచ్చేవాళ్లం. ఆమె మిల్లుకు, నేను ఆఫీసుకు. పక్క సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టి నాకోసం ఆపి ఉంచేది. ఆమెను అడగవలసిన మాట అడగక, పైవారిని బదిలీ అడిగాను. అది వెంటనే మంజూరైంది. తిరిగి వచ్చాక, ఆమెకు పెళ్లయి ఉంటుందని భావించి ఫైలు మూసివేశాను.
నా పెళ్లి గడి కూడా ఖాళీ అని ఇందుమూలంగా నమోదు చేయడమైనది.

మార్చి 7
స్కేలు కదల్చలేదు.

మార్చి 10
ఇనిషియల్ కూడా కొట్టివేయాలని వైష్ణవికి లేఖ రాశాను. ఒక్క అక్షరంతో ఎవరు కనుక్కుంటారు సార్ అని ఫోనులో నవ్వింది. కనుక్కునేవారు ఉంటారని మనవి చేశాను.
అటెండర్ కన్నుసామి టీ పెడుతూ, “ఏంది సార్, నాలుగు దినాలుగా అదే పేజీ. స్కేలు తీస్తే పారిపోతాదా?” అన్నాడు.

మార్చి 13
అందరి సమ్మతి సంతకాలూ కావాలట. సేత్తూరుకు నేను వెళ్తానని వినతి పెట్టుకున్నాను. గుమాస్తా పని కాదని తిరస్కరించారు. ఫారాలతో కన్నుసామి వెళ్లాడు.

మార్చి 14
412 సంతకం పెట్టిందట. ముందు, పేరు కొట్టేసేది ఎవరని అడిగిందట. కన్నుసామి నా పేరు చెప్పాడట.
“ఆయమ్మ కొంచేపు దగ్గింది సార్. ‘కొట్టేసేది ఆయనకి అలవాటేలే’ అనింది. మళ్లీ పిలిచి, ‘పిండిమిల్లు ఎదురు ఇల్లు, నీలం తలుపు. నేనే చెప్పినానని చెప్పు’ అనింది.”
మూడో పేరా మళ్లీ చదివాను. అది రికార్డులోని వివరానికే వర్తిస్తుంది. సొంతదారు నోటితో పంపినదానికి వర్తించదు.

మార్చి 15
412 కొట్టివేశాను. పేరు, ‘రా’, చూడని చిరునామా.

మార్చి 16, ఆదివారం, ఉదయం 10.20
సేత్తూరు బస్సు. ప్రయాణ కారణం: సొంతం. పక్క సీటు మీద టిఫిన్ డబ్బా పెట్టాను.