నాలుగువేళ్ళ దూరం

తెనాలి, మంగళవారం

పోయిన నెల జిమ్‌లో నేను స్క్వాట్ చేస్తుంటే, మోకాళ్ళు కాలివేళ్ళు దాటుతున్నాయని ట్రైనర్ సురేష్ అందరిముందూ నవ్వాడు. తొడ ఎముక పొడవున్నవాళ్ళకి అలాగే వెళ్తాయండి అని మా కాలేజీలో చదివిందే చెప్పాను.

"ఫిజియోథెరపీ పుస్తకం మాట్లాడుతోందిరా," అన్నాడు పక్కవాళ్ళతో.

అప్పటినుంచి అక్కడ నా పేరు పుస్తకం.

ఇవాళ అతను బాపట్లలో జరిగే బరువులెత్తే పోటీ కోసం డెడ్‌లిఫ్ట్ చేస్తున్నాడు, నేలమీది బార్‌ని తొడలదాకా లేపడం. బార్ కాళ్ళని రాసుకుంటూ లేవాలి. అతనిది నాలుగువేళ్ళ దూరం ముందుకి జరుగుతోంది. ఆ దూరం వల్ల బరువంతా నడుము మోస్తోంది, వెన్ను గుండ్రంగా వంగుతోంది.

"ఏంటి పుస్తకం, అలా చూస్తున్నావ్? తప్పుందా?"

"లేదండి. బాగుంది."

నవ్వి, ఇంకో ఇరవై కిలోలు వేయించాడు.

పోటీ ఆదివారం. ఇంటికొచ్చి, నడుము దగ్గరి ఎల్4, ఎల్5 వెన్నుపూసల బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను. చెప్పడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి.

నన్ను పేరుపెట్టి పిలిచి అడిగితే చెప్తాను.